మైక్రోకెర్నల్ పోర్టింగ్: లీట్కే వాదం – విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

ఒక రకం ప్రాసెసర్‌ కోసం రాసిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను మరొక రకం ప్రాసెసర్‌పై పనిచేసేలా మార్చడాన్ని పోర్టింగ్ అంటారు. మైక్రోకెర్నల్ పద్ధతిలో అత్యవసరమైన పనులు మాత్రమే కెర్నల్‌లో ఉంటాయి. ప్రతి ప్రోగ్రాముకు విడి మెమరీ పరిధిని కల్పించడం, థ్రెడ్లను నడపడం, వాటి మధ్య సందేశాలను చేరవేయడం అందులో ముఖ్యమైనవి. ఫైల్ సిస్టమ్, డివైస్ డ్రైవర్లు కెర్నల్ వెలుపల సాధారణ ప్రోగ్రాములుగా నడుస్తాయి. అందువల్ల చిన్న కెర్నల్‌ను మారిస్తే చాలు, మిగిలిన వ్యవస్థ సులభంగా తరలివస్తుందన్న అభిప్రాయం ఏర్పడింది. మరి ఆ కెర్నల్‌ సంగతేమిటి? ఈ ప్రశ్నకు ఎల్4 పరిశోధన సంప్రదాయం ఇచ్చిన సమాధానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. లీట్కే ప్రతిపాదన:

ఎల్4 రూపకర్త యోఖెన్ లీట్కే 1995 నాటి పరిశోధనపత్రంలో మైక్రోకెర్నల్ స్వభావరీత్యానే పోర్టబుల్ కాదని, దానిపై నిర్మించే వ్యవస్థలకే ఆ గుణం ఉంటుందని వాదించారు. ఇందుకు ఆయన ఇంటెల్ 486ను, దానికి అనుకూలంగా రూపొందిన పెంటియంను ఉదాహరణగా తీసుకోవడం గమనార్హం. ఒకే ప్రోగ్రామును నడపగల ఆ రెండింటిలోనూ కాష్ అమరిక, సెగ్మెంట్ రిజిస్టర్లను మార్చడానికి పట్టే సమయం వేరు. కనుక ఒకదానికి ఉత్తమమైన నిర్మాణం రెండోదానికి ఉత్తమం కాదు. హార్డ్‌వేర్‌కూ కెర్నల్‌కూ మధ్య మరొక పొరను చేరిస్తే ఆ పొరే వేగాన్ని తగ్గిస్తుందన్నది ఆయన వాదసారం.

ఈ పరిశీలన సరైనదే కాని, దాని నుండి తీసిన నిర్ణయం విస్తృతమైనది. ప్రాసెసర్ మారితే కొన్ని కీలకభాగాలు మారాలని ఆయన ఉదాహరణలు నిరూపిస్తాయి. కెర్నల్ మొత్తాన్ని తిరిగి రాయాలని నిరూపించవు.

3. కొలమానంలోని లోపం:

లీట్కే ఆచార్యులుగా ఉన్న కార్ల్స్‌రూయే బృందం నుండే పిస్టాచియో అనే ఎల్4 కెర్నల్ వెలువడింది. సి++లో రాసిన ఈ కెర్నల్‌లో 80–90 శాతం కోడ్ ఏ ప్రాసెసర్‌కూ ప్రత్యేకం కాదు. దీనితో లీట్కే వాదం వీగిపోయిందని సాధారణంగా భావిస్తారు. అయితే అదే సంప్రదాయానికి చెందిన ఎస్‌ఈఎల్4లో ఉమ్మడి కోడ్ సుమారు సగమే. శాతమే ప్రమాణమైతే పోర్టింగ్ విషయంలో ఎస్‌ఈఎల్4 వెనుకబడినట్లు లెక్క.

ఈ నిర్ణయం సమంజసం కాదు. ఎస్‌ఈఎల్4లో దాదాపు సగం కోడ్ వర్చువల్ మెమరీ నిర్వహణకు సంబంధించినది. అది ప్రాసెసర్‌ను బట్టి ఉండక తప్పదు. కెర్నల్‌లోని ఉమ్మడి పనులను బయటికి పంపేకొద్దీ లోపల మిగిలేది హార్డ్‌వేర్‌ను అంటిపెట్టుకున్న భాగమే. అంటే శాతం తగ్గడం కెర్నల్ చిన్నదైందనడానికి కూడా సూచన కావచ్చు.

4. నిరూపణను తరలించడం:

2009లో ఎస్‌ఈఎల్4లోని సుమారు 8,700 వరుసల సి కోడ్ దాని నిర్దేశాలకు అనుగుణంగానే ఉన్నదని గణితపద్ధతిలో నిరూపించారు. ఆ నిరూపణ ఆర్మ్ ప్రాసెసర్‌పై నడిచే రూపానికి చెందినది. అసెంబ్లీ కోడ్, కంపైలర్, హార్డ్‌వేర్ సరిగా ఉన్నాయన్నది అందులోని ఊహ. ఎక్స్86, రిస్క్-ఫైవ్ రూపాలకు నిరూపణలను తర్వాత విడిగా సాధించవలసి వచ్చింది. కెర్నల్ కొత్త ప్రాసెసర్‌పై నడవడం ఒకటి, దాని విశ్వసనీయత అక్కడ స్థాపితం కావడం మరొకటి. ఈ భేదాన్ని లీట్కే వాదం గానీ, దానిని ఖండించిన శాతాల లెక్క గానీ పట్టించుకోలేదు.

5. ముగింపు:

లీట్కే వేగం దృష్ట్యా ప్రశ్నను లేవనెత్తారు. తర్వాతివారు కోడ్ పరిమాణం దృష్ట్యా సమాధానం చెప్పారు. భద్రతే ప్రధానమైన వ్యవస్థలకు ఈ రెండూ చాలవు. ఏ పోర్టింగ్‌నైనా మూడు అంశాలతో అంచనా వేయాలి: ఉమ్మడిగా మిగిలిన కోడ్ ఎంత, సందేశాల వేగం ఎంత నిలిచింది, పాత హామీలలో ఏవి కొత్త ప్రాసెసర్‌పైనా రుజువయ్యాయి. మూడో అంశాన్ని విస్మరించిన పోర్టింగ్ ప్రోగ్రామును మాత్రమే తరలించినట్లు, దానిపై ఉన్న నమ్మకాన్ని కాదు.