ఆట తీరు మార్చిన ఆర్‌సీసీ కట్టడం: హార్వర్డ్ స్టేడియం

హార్వర్డ్ స్టేడియం అమెరికాలోని బోస్టన్ నగరంలో, చార్లెస్ నది ఒడ్డున ఆల్‌స్టన్ ప్రాంతంలో ఉంది. నదికి అవతలి గట్టున, కేంబ్రిడ్జిలో హార్వర్డ్ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం కనిపిస్తుంది. 1903లో కట్టిన ఈ స్టేడియం విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టుకు సొంతగడ్డ. ఇక్కడి ఫుట్‌బాల్ కాలితో తన్ని గోలు కొట్టే ఆట కాదు. బంతిని చేత పట్టుకుని, ఎదుటి జట్టును తోసుకుంటూ చివరి గీత దాటించే అమెరికన్ ఆట.

స్టేడియం నిలిచిన స్థలం పేరు సోల్జర్స్ ఫీల్డ్. అమెరికా అంతర్యుద్ధంలో ప్రాణాలర్పించిన తన మిత్రుల జ్ఞాపకార్థం హెన్రీ లీ హిగిన్సన్ 1890లో ఆ నేలను విశ్వవిద్యాలయానికి ఇచ్చాడు. అప్పట్లో కళాశాలల ఆటలకు వేలాది జనం వచ్చేవారు. వాళ్లు కూర్చునే చెక్క మెట్లు ఎండకూ వానకూ పాడయ్యేవి. నిప్పు భయం సరేసరి. 1879లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్నవారు తమ పాతికేళ్ల కలయికకు కానుకగా లక్ష డాలర్లు ఇవ్వడంతో శాశ్వత కట్టడానికి దారి దొరికింది.

ఇంజనీరింగ్ ఆచార్యులు ఐరా హాలిస్, లూయిస్ జాన్సన్ నిర్మాణ పథకాన్ని నడిపించారు. రూపురేఖలపై ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ మెకిమ్ సలహా ఇచ్చాడు. ప్రాచీన గ్రీకు క్రీడాంగణాల పద్ధతిలో గుర్రపు లాడం ఆకారాన్ని ఎంచుకున్నారు. మూడు వైపులా మెట్లు లేస్తాయి, నాలుగో వైపు తెరిచి ఉంటుంది. ఈ రోజుల్లో పల్లెటూరి ఇంటికీ ఆర్‌సీసీ స్లాబు పడుతోంది కానీ, ఉక్కు కడ్డీలతో కలిపి కాంక్రీటు పోయడం ఆనాడు కొత్త విద్య. అమెరికాలో ఆ పద్ధతిలో ఇంత భారీగా లేచిన తొలి కట్టడాల్లో ఇదొకటి. కూర్చునే పలకలను ముందే అచ్చుల్లో పోతపోసి, గట్టిపడ్డాక పైకెత్తి అమర్చారు. పని నెలల్లోనే ఆటకు పనికొచ్చేంత వరకు వచ్చింది. 1903 నవంబరు 14న జరిగిన తొలి ఆటలో హార్వర్డ్ 11-0 తేడాతో డార్ట్‌మత్ కళాశాల చేతిలో ఓడింది. మెట్ల పైన చుట్టూ కనిపించే స్తంభాల వరుస 1910లో చేరింది.

అప్పటి ఆటలో ఆటగాళ్లు గుంపుగా ఒకరినొకరు పట్టుకుని ఎదుటివారి మీద పడేవారు. ఎముకలు విరగడం మామూలు, ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. 1905లో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను శ్వేతసౌధానికి పిలిపించి ఆటను చక్కదిద్దమన్నాడు. మైదానం వెడల్పు పెంచితే ఆటగాళ్లు విడివడి పరుగెత్తుతారని ఆట నియమాలు దిద్దడంలో ముందున్న వాల్టర్ క్యాంప్ సూచించాడు. వెడల్పు అప్పటికి 160 అడుగులు. దానికి మరో 40 అడుగులు కలపాలన్నది ఆలోచన. అయితే హార్వర్డ్‌లో గీతకు అవతల ఉన్నది కదలని కాంక్రీటు. ఆ సూచన వీగిపోవడానికి అది ఒక ముఖ్య కారణం. దానికి బదులు, బంతిని చేత్తో ముందుకు విసరడాన్ని 1906లో నియమాల్లోకి తెచ్చారు. వెడల్పు నేటికీ 160 అడుగులే. ముందుకు విసిరే బంతి ఆటకే ప్రాణమైంది.

జనం పెరగడంతో 1929లో తెరిచి ఉన్న వైపున ఉక్కు మెట్లు కట్టారు. అప్పుడు 57,166 మంది కూర్చోగలిగారు. 1951లో వాటిని తీసేశాక సామర్థ్యం సుమారు 30,000కు దిగి, పాత లాడం ఆకారం మళ్లీ బయటపడింది.

యేల్ జట్టుతో ఏటా జరిగే పోటీ కోసం ఇరుపక్షాలూ ఏడాదంతా ఎదురుచూస్తాయి. 1968 నవంబరు 23న ఆ సీజన్‌లో ఓటమి ఎరుగని ఈ రెండు జట్లూ ఇక్కడే తలపడ్డాయి. చివరి 42 సెకన్లలో హార్వర్డ్ 16 పాయింట్లు సాధించి స్కోరును 29-29గా సమం చేసింది. హార్వర్డ్ యేల్‌ను 29-29తో ఓడించిందని హార్వర్డ్ విద్యార్థుల పత్రిక శీర్షిక పెట్టింది.

ఫుట్‌బాల్ ఒక్కదానితోనే ఈ మెట్లు నిండలేదు. 1906లో ప్రాచీన గ్రీకు నాటకకర్త ఈస్కిలస్ నాటకం ‘అగమెమ్నాన్’ను ఇక్కడ గ్రీకు భాషలోనే ప్రదర్శించారు. 1909లో నటి మాడ్ ఆడమ్స్ జోన్ ఆఫ్ ఆర్క్ వేషం కట్టింది. గాయని జానిస్ జాప్లిన్ చివరి కచేరీ 1970 ఆగస్టు 12న ఇక్కడే జరిగింది. వృత్తి క్రీడాకారుల జట్టు పేట్రియట్స్ ఆ ఏడాది దీన్నే సొంత మైదానంగా వాడుకుంది. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాకర్ (కాలితో తన్నే ఫుట్‌బాల్) తొలి దశ ఆటలు కొన్ని ఈ గడ్డపై సాగాయి.

ప్రభుత్వం 1987లో దీన్ని జాతీయ చారిత్రక చిహ్నంగా గుర్తించింది. 2006లో కృత్రిమ పచ్చిక, రాత్రి దీపాలు వచ్చాయి. మరుసటి ఏడాది తొలి రాత్రి ఆట జరిగింది. చలికాలంలో గాలి నింపిన గుడారం మైదానాన్ని కప్పుతుంది కాబట్టి మంచు కురిసినా సాధన ఆగదు. ఆటలు లేని ఉదయాల్లో ఆ మెట్లపై వ్యాయామం చేసేవారి పరుగులు వినిపిస్తాయి.