మోగని పనికి వెండి బొమ్మ

అమెరికాలో నేషనల్ బ్యాండ్ అసోసియేషన్ అనే సంఘం 1960లో పుట్టింది. పుట్టీ పుట్టగానే అది తలపెట్టిన పనుల్లో ఒకటి, తమ రంగానికి గట్టి మేలు చేసినవాళ్ల కోసం ఒక గౌరవ పురస్కారం నెలకొల్పడం. పేరు కాస్త పొడుగు: అకాడమీ ఆఫ్ విండ్ అండ్ పెర్కషన్ ఆర్ట్స్. అక్కడివాళ్లు పొట్టిగా ‘అవాపా’ అంటారు. ఇచ్చేది తొమ్మిది అంగుళాల వెండి బొమ్మ. సినిమావాళ్లకి ఆస్కార్ ఎలాగో బ్యాండువాళ్లకి ఇది అలాగ అని చెప్పుకుంటారు. ఆ పోలిక నాకంతగా రుచించదు. ఆస్కార్ ఆ ఏడాది వచ్చిన ఏదో ఒక సినిమాకి, అందులో ఎవరో చేసిన ఒక పనికి ఇస్తారు. ఇది మనిషి జీవితకాలం చేసిన పనంతా చూసి ఇచ్చేది. పైగా ఆ పనిలో ఎక్కువ భాగం చెవికి వినిపించదు. అలాంటి పనిని లెక్కలోకి తీసుకున్నప్పుడే ఈ గౌరవానికి అర్థముంటుందని, లేకపోతే ఇంకో సన్మానసభే అవుతుందని నా వాదన.

మన పెళ్లి ఊరేగింపుల్లో బ్యాండు మేళం చూసినవాళ్లకి విండ్ బ్యాండు సరంజామా మరీ కొత్తేమీ కాదు. క్లారినెట్లు, ట్రంపెట్లు, యుఫోనియం, పెద్ద డ్రమ్ము, తాళాలు మనం ఎరిగినవే. వాటికి ఫ్లూట్లు, ఓబోలు, సాక్సోఫోన్లు, ఫ్రెంచ్ హార్న్‌లు, ట్రాంబోన్లు, ట్యూబాలు చేర్చి, అందర్నీ కుర్చీల్లో కూర్చోబెట్టి, ఎదురుగా నొటేషన్ పెడితే విండ్ బ్యాండు. వయొలిన్లు ఉండవు. ఆ ఒక్క లోటూ దాని చరిత్రనంతా నిర్ణయించింది. యూరప్‌లో పెద్ద పెద్ద స్వరకర్తలు తమ సత్తువంతా ఆర్కెస్ట్రా మీద పెట్టారు. రాజులు, ధనవంతులు ఆర్కెస్ట్రాలని పోషించారు. బ్యాండుకి దక్కింది సైన్యపు కవాతు, పార్కులో ఆదివారం సాయంత్రం, సర్కస్ డేరా. వాయించడానికి మార్చ్‌లు, ఆర్కెస్ట్రా రచనల్ని బ్యాండుకి తగ్గట్టు మార్చుకున్న ప్రతులు. కాబట్టి ఆర్కెస్ట్రాకి తాతలిచ్చిన ఆస్తిలా వచ్చినవన్నీ బ్యాండుకి ఎవరో ఒకరు పూనుకుని సమకూర్చాల్సి వచ్చింది: వాయించేవాళ్లు, వాయించే సంగీతం, అందుకయ్యే డబ్బు, చివరికి కూర్చుని వినే అలవాటు కూడా.

అవాపా మొదటి బొమ్మలు ఎవరికి వెళ్లాయో చూస్తే, పెట్టినవాళ్లకి ఈ సంగతి తెలుసనే అనిపిస్తుంది. మొట్టమొదటిది విలియం రెవెల్లికి. ఆయన నేర్చుకున్నది వయొలిన్. 1925లో ఇండియానా రాష్ట్రంలో హోబర్ట్ అనే చిన్న ఊరి బడికి సంగీతం నేర్పడానికి వెళ్లి, అక్కడి పిల్లలతో బ్యాండు కట్టి, జాతీయ పోటీల్లో గెలిపించాడు. అందుకోసం తనకి రాని వాద్యాల్ని షికాగో వెళ్లి అక్కడి విద్వాంసుల దగ్గర నేర్చుకున్నాడు. 1935 నుంచి 1971 దాకా మిషిగన్ విశ్వవిద్యాలయం బ్యాండులకి ఆయనే పెద్ద. 1961లో అక్కడి విద్యార్థుల బ్యాండుని సోవియట్ యూనియన్‌తో సహా పలు దేశాల్లో వారాల తరబడి తిప్పాడు. రిహార్సల్లో ఆయన కోపం గురించి శిష్యులు కథలుకథలుగా చెప్పుకునేవాళ్లు. ఆ కోపాన్ని మెచ్చుకోనక్కర్లేదు. కానీ ఆ శిష్యుల్లో ఎంతోమంది దేశమంతటా బడుల్లో, కాలేజీల్లో బ్యాండు మాస్టర్లయ్యారు. ఆయన పేరుతో మిగిలిన గొప్ప రచన ఏదీ లేదు. మిగిలింది మనుషులే.

రెండో బొమ్మ కార్ల్ కింగ్‌కి. ఈయన వేరే రకం. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసి, సర్కస్ బ్యాండులో యుఫోనియం వాయిస్తూ బతికినవాడు. 1913లో, ఇరవై రెండేళ్ల వయసులో, ‘బార్నమ్ అండ్ బెయిలీస్ ఫేవరిట్’ అనే మార్చ్ రాశాడు. ఇప్పటికీ సర్కస్ అనగానే అమెరికన్ల చెవిలో మోగే బాణీల్లో అదొకటి. ఇంతవరకూ మామూలు కథే, రాసినవాడికి బిరుదిచ్చారని అనుకోవచ్చు. ఆ తర్వాతిది చూడండి. 1920లో ఆయన అయోవా రాష్ట్రంలోని ఫోర్ట్ డాడ్జ్ చేరి, 1971లో చనిపోయేదాకా ఆ ఊరి బ్యాండు నడిపాడు. సర్కస్ మార్చ్‌లు చేయి తిరిగినవాళ్లకే కష్టం. అవి రాసిన ఆ చేత్తోనే బడిపిల్లలు వాయించగలిగే తేలిక ముక్కలు కూడా రాశాడు. మరో సంగతి. 1921లో జార్జ్ లాండర్స్ అనే బ్యాండు మాస్టరు పట్టుబట్టగా అయోవాలో ఒక చట్టం వచ్చింది: ఊళ్లోవాళ్లు ఓటేసి ఒప్పుకుంటే, ఊరి బ్యాండు కోసం కొంత పన్ను వసూలు చేసుకోవచ్చు. తర్వాత ఇతర రాష్ట్రాలు కూడా దాన్ని చూసి ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. కింగ్ ఆ చట్టం మీద ఒక మార్చ్ రాశాడు. పేరు ‘అయోవా బ్యాండ్ లా’. సంగీత చరిత్రలో ప్రేమకి, యుద్ధానికి, దేవుడికి రాసినవి కోకొల్లలు. ఒక పన్నుకి కృతజ్ఞతగా రాసింది మరొకటి ఉందేమో చెప్పలేను గానీ, కింగ్‌కి మాత్రం తన సంగీతం దేని మీద నిలబడిందో బాగా తెలుసు. లాండర్స్ చేసిన మేలు మునిసిపాలిటీ బడ్జెట్‌లో ఒక పద్దు. అది లేకపోతే క్లారినెట్ లేదు, వాయించేవాడూ లేడు.

సంగీతాన్ని సమకూర్చడమూ ఇలాంటిదే. అమెరికన్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్‌ని 1929లో స్థాపించిన ఎడ్విన్ ఫ్రాంకో గోల్డ్‌మన్ న్యూయార్క్ పార్కుల్లో ఉచితంగా కచేరీలు చేసిన మాస్టరు. మార్చ్‌లు కూడా రాశాడు. అయితే నా లెక్కలో ఆయన అసలు సేవ, పేరున్న స్వరకర్తల వెంటపడి బ్యాండుకి రాయమని అడగడం. ఆ సంఘం 1937 సభ కోసమే పెర్సీ గ్రెయింజర్ ‘లింకన్‌షైర్ పోజీ’ సిద్ధం చేశాడు. ఇంగ్లండ్‌లో పల్లెటూరి గాయకుల దగ్గర తాను సేకరించిన పాటల్ని, వాళ్లు లయని సాగదీసి, ఆపి, తోసి పాడిన తీరులోనే, బార్ బార్‌కీ తాళం మార్చి రాశాడు. మిల్వాకీలో తొలి ప్రదర్శన నాడు అక్కడి బ్యాండు కొన్ని భాగాలు వాయించలేక వదిలేసింది. ఇప్పుడు అదే రచన ఈ రంగంలో శిఖరమని పేరు. ఆ నడుమ ఏం జరిగింది? గ్రెయింజర్ ఒక్క స్వరం కూడా తేలిక చెయ్యలేదు. రెవెల్లి లాంటివాళ్లు వాయించగల మనుషుల్ని తయారుచేశారు. ఫ్రెడరిక్ ఫెనెల్ 1952లో ఈస్ట్‌మన్ సంగీత విద్యాలయంలో ఒక్కో భాగానికి ఒక్కరే వాయించే చిన్న బృందం కట్టి, వందలమంది స్వరకర్తలకి ఉత్తరాలు రాసి, మీకు నచ్చినట్టు రాయండి, వాయించే పూచీ మాది అన్నాడు. ఆ ఉత్తరాలు ఏ రికార్డులోనూ వినిపించవు.

ఇక్కడ న్యాయమైన అభ్యంతరం ఒకటుంది. సంగీతం బాగుంటే లోకమే గౌరవిస్తుంది కదా, ఇంట్లోవాళ్లే ఇంట్లోవాళ్లకి బొమ్మలు ఇచ్చుకోవడం దేనికి? లోకం ఏం చేసిందో చూద్దాం. కారెల్ హూసా పుట్టింది ప్రాగ్‌లో. 1968 ఆగస్టులో సోవియట్ ట్యాంకులు తన ఊళ్లోకి వచ్చినప్పుడు అమెరికాలో ఉన్నాడు. ఆ రగిలింపులో, ఇథాకా కాలేజీ బ్యాండు కోసం ‘మ్యూజిక్ ఫర్ ప్రాగ్ 1968’ రాశాడు. తొలి ప్రదర్శన 1969 జనవరిలో. ఆ ఏడాదే ఆయనకి సంగీతానికిచ్చే పులిట్జర్ బహుమతి వచ్చింది, ఒక స్ట్రింగ్ క్వార్టెట్‌కి. జోసెఫ్ ష్వాంట్‌నర్ 1977లో ఈస్ట్‌మన్ బృందానికి కొత్త దారి తెరిచిన రచన చేశాడు. 1979లో ఆయనకి పులిట్జర్ వచ్చింది ఆర్కెస్ట్రా రచనకి. జాన్ కొరిలియానో సంగతీ ఇంతే. 2001లో బహుమతి వచ్చింది తంత్రీవాద్యాల సింఫనీకి, ఆ తర్వాత బ్యాండుకి రాసిన భారీ సింఫనీకి కాదు. బహుమతి వచ్చిన ఆ రచనలు తక్కువవని అనడం లేదు. న్యాయనిర్ణేతలు కుట్ర చేశారనీ అనను. తాము కూర్చునే హాలులో వినిపించేదే వాళ్లు వింటారు. స్వరకర్తలకే ఇలా ఉంటే, ఉత్తరాలు రాసినవాడికీ పన్ను తెచ్చినవాడికీ పులిట్జర్ లాంటిది వస్తుందని ఎదురుచూడటం అత్యాశ.

కానీ ఇంటి గౌరవానికి ఇంటి జబ్బులూ ఉంటాయి. వాటిని దాచి వాదించడం తప్పు. ఎవరు ఎవరికి తెలుసో వాళ్లే ఎంపికవుతారు. అవాపా ఇచ్చేది కాకపోయినా, ఇదే రంగంలోని ఇంకో సంఘాన్ని చూడండి. బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్‌లో సభ్యత్వం ఆహ్వానిస్తేనే. 1929లో పుట్టిన ఆ సంఘానికి ఒక మహిళని, గ్లాడిస్ స్టోన్ రైట్‌ని, ఎన్నుకోవడానికి 1984 దాకా పట్టింది. ఆ యాభై ఏళ్లూ బడుల్లో పిల్లలకి క్లారినెట్ పట్టుకోవడం నేర్పిన ఆడవాళ్లు లేరా? ఉన్నారు కనకనే వాళ్లు 1969లో సొంత సంఘం పెట్టుకున్నారు. ఫ్లోరిడాలో నల్లజాతి విద్యార్థుల విశ్వవిద్యాలయంలో విలియం ఫోస్టర్ 1946 నుంచి కట్టిన మార్చింగ్ బ్యాండు, మైదానంలో బ్యాండు ఎలా కదలాలో దేశానికంతకీ నేర్పింది. కాలేజీ మార్చింగ్ బ్యాండులకి సూజా ఫౌండేషన్ అనే సంస్థ ఇచ్చే సడ్లర్ ట్రోఫీ ఆ బ్యాండుకి దక్కింది 1985లో. తర్వాత ఫోస్టర్ బ్యాండ్‌మాస్టర్స్ అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యాడు కూడా, అది వేరే సంగతి. ఇదంతా చూసి గౌరవాలే దండగ అనేవాళ్లతో నేను ఏకీభవించను. వినిపించని పనిని లెక్కలోకి తీసుకుంటామని చెప్పుకునే సంఘం కొందరి పనిని మాత్రం వినలేదంటే, అది తన కొలమానాన్నే తప్పింది. ఆ మాట దాని మొహం మీద అనొచ్చు. కొలమానమే లేకపోతే ఏమనగలం?

ఇంకో అభ్యంతరం మనవైపు నుంచి రావచ్చు. మనం కళాకారుణ్ణి గౌరవిస్తాం, నిర్వాహకుణ్ణి కాదు, అదే సరైన పద్ధతి అని. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ షేక్ చినమౌలానాకి 1998లో సంగీత కళానిధి ఇచ్చింది ఆయన నాదస్వరానికి. ఇవ్వాల్సిందే. అయితే ఆయన శ్రీరంగంలో పాఠశాల పెట్టి నేర్పాడు కూడా. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్మశ్రీలో కొంత వాటా శ్రీరంగం పాఠశాలది. బిరుదు పత్రంలో దానికి చోటుండదు. కచేరీకి ఒక బిరుదు, పాఠానికి ఒక బిరుదు విడిగా ఉండటంలో తప్పేముంది? రెండోది మొదటిదానికంటే తక్కువ కావాల్సిన పని కూడా లేదు.

అందుకే అవాపా లాంటి గౌరవాల్లో నేను మార్చమని అడిగేది ఒకటే. ‘బ్యాండు సంగీతానికి విశిష్ట సేవలు’ అన్న మాట పక్కన పెట్టి, చేసిన పని పేరు పెట్టి రాయాలి. ఫలానా చట్టం తెచ్చారు, ఫలానా రచన రాయించారు, ఫలానా ఊళ్లో ఇంతమందికి నేర్పారు. అలా రాస్తే అర్హత లేనివాళ్లని ఎంచడం కష్టమవుతుంది, మరిచిపోయినవాళ్లు గుర్తొస్తారు. ఇది జరగని పనేం కాదు, రంగంలో ఒక మూల ఇప్పటికే జరుగుతోంది. ఒక్క కాలేజీ భరించలేని రుసుముని ఈ మధ్య పది ఇరవై బడులు, కాలేజీలు తలాకొంత వేసుకుని స్వరకర్త చేత కొత్త రచన చేయిస్తున్నాయి. అచ్చయ్యాక స్కోరు మొదట్లో ఆ బడులన్నిటి పేర్లు, వాటి బ్యాండు మాస్టర్ల పేర్లు వరసగా వేస్తారు. ఎవరికీ తెలియని ఊళ్ల పేర్లు చాలానే ఉంటాయి వాటిలో.