ముందు ఏది, తర్వాత ఏది

ఇంట్లో బాగా వండేవాళ్ళని ఎవరినైనా కొలతలు అడిగి చూడండి. "చేతి ఉజ్జాయింపే, కొలతేముంది" అంటారు. దాచుకోవాలని కాదు, వాళ్ళకి నిజంగానే కొలత అంత ముఖ్యం కాదు. ఏది ముందు వేస్తారు, ఏది ఆఖర్న వేస్తారు, ఎప్పుడు దించుతారు అని అడగాలి. మాలతీ చందూర్ ‘వంటలు-పిండివంటలు’ దగ్గర పెట్టుకుని కొత్త కాపురంలో వంట నేర్చుకున్నవాళ్ళు ఎందరో. ఆ మేలు చిన్నది కాదు. అయినా పుస్తకం ముందున్నా సరే, అమ్మకో అత్తగారికో ఫోన్ చేసి అడిగేది మాత్రం ఒకటే: "ఇంకాసేపు ఉంచనా, దించేయనా?"

పప్పుతో మొదలుపెడదాం. కందిపప్పు దోరగా వేయించి వండితే ముద్దపప్పుకి కమ్మదనం వస్తుంది. వికారాబాద్ జిల్లా తాండూరు కందిపప్పుకి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. కానీ ఎంత మంచి పప్పైనా, ఉడక్కముందే చింతపండు పులుసు తగిలితే ఇక ఎంతసేపు పొయ్యి మీద ఉంచినా పలుకు మిగిలిపోతుంది. గింజను గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో సరిగా కరగదు. సున్నం ఎక్కువున్న బోరు నీళ్ళలో పప్పు మొండికేయడం కూడా ఇంచుమించు ఇందుకే. గోంగూర పప్పుకి ఆకును విడిగా మగ్గబెట్టి, మెత్తబడ్డ పప్పులో ఆ తర్వాత కలపడం మన పెద్దవాళ్ళు రసాయనశాస్త్రం చదివి నేర్చుకున్నది కాదు. ఉడకని పప్పు తిని నేర్చుకున్నది.

ఈ వరసలోనే కుటుంబానికి పనికొచ్చే మరో సంగతి ఉంది. ఉడికిన పప్పులో కారం పడకముందే ఒక గరిటెడు తీసి, మెత్తటి అన్నంలో నెయ్యి వేసి చంటిపిల్లకి కలుపుతారు. పైన తేరిన కట్టు వంచి, మిరియాలు కొట్టి, ఒంట్లో నలతగా ఉన్నవాళ్ళకి చారు పెడతారు. మిగిలిన పప్పులో పులుపు, కారం, ఆకుకూర పడి అది పెద్దవాళ్ళ పళ్ళాల్లోకి వెళ్తుంది. బాలింత ఉంటే ఆమెకి వేరు, షుగరున్న తాతయ్యకి వేరు. హోటల్లో వంట ఎంత రుచిగా ఉన్నా, ఒకే గిన్నెలోంచి ఒక్కొక్కరికి ఒక్కోలా తీయడం ఇంటి పొయ్యి దగ్గరే సాధ్యం. ఇంటి వంట విలువ అన్నిటికన్నా ఎక్కువగా ఇక్కడే ఉందని నా నమ్మకం.

పోపుకొచ్చేసరికి నిమిషాలు పోయి క్షణాల లెక్క మొదలవుతుంది. పులిహోర పోపు చూడండి. నూనె కాగాక ముందు వేరుశనగ గుళ్ళు, తర్వాత శనగపప్పు, మినప్పప్పు. అవి రంగు తిరుగుతుండగా ఆవాలు, ఎండుమిర్చి. ఆ తర్వాత ఇంగువ, కరివేపాకు. ఏది వేగడానికి ఎక్కువసేపు కావాలో అది ముందు పడుతుంది. కొన్ని ఇళ్ళల్లో ఆవాలతోనే మొదలుపెడతారు. అదీ సబబే, అవి చిటపటమంటే నూనె కాగిందని తెలుస్తుంది. మెంతులతో మాత్రం జాగ్రత్త: ఎర్రబడితే పులుసుకి ప్రాణం, నల్లబడితే గిన్నెడు పులుసూ చేదు. చారు మీద పోపు పడగానే మూత పెట్టేది నూనెలోకి దిగిన ఆ సువాసన ఆవిరితో పోకుండా ఉండటానికే. చారుపొడి వేశాక ఒక్క పొంగు రాగానే దించేయాలి. మరిగే కొద్దీ మిరియాల ఘాటు, ధనియాల వాసన గాలిలో కలిసిపోతాయి.

అసలు పొయ్యి కట్టేశాక వేయాల్సినవీ ఉన్నాయి. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో పనసపొట్టుకో అరటికాయకో ఆవ పెడతారు. ఆవాలు నానబెట్టి నూరిన ముద్ద కూర దించాకే కలపాలి. ఆవగింజను నీళ్ళతో నూరినప్పుడు దానిలోని ఎంజైమ్ ఘాటును పుట్టిస్తుంది. పొయ్యి మీద మళ్ళీ ఉడికిస్తే ఆ ఘాటు పోయి చేదు మిగులుతుంది. తెలంగాణ పచ్చిపులుసు ఇంకో అడుగు ముందుకేసింది. చింతపండు రసం పొయ్యి ఎక్కనే ఎక్కదు. కాల్చిన పచ్చిమిర్చి, ఉల్లిపాయ చేత్తో నలిపి పైన పోపు వేస్తే చాలు. ఎండాకాలం మధ్యాహ్నం దానికి సాటి వచ్చే వంట నాకు మరొకటి కనిపించలేదు.

తీపి వంటల్లో ఈ వరస మరీ కచ్చితం. పరమాన్నం విరిగిపోయిందని పాలను తిట్టుకుంటారు. పాల తప్పు కాదు. బెల్లంలో కాస్త ఆమ్లం ఉంటుంది, మరుగుతున్న పాలలో పడితే విరుగుతాయి. అన్నం పాలలో మెత్తగా ఉడికాక దించి, వేడి కొంచెం తగ్గనిచ్చి, అప్పుడు కరిగించి వడకట్టిన బెల్లం పోయాలి.

ఇక అరిసెలు. బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి, మధ్యలో నీళ్ళు మార్చాలి. వడేసి, బట్ట మీద ఆరబెట్టి, చేతికి ఇంకా తేమ తగులుతుండగానే పిండి కొట్టాలి. జల్లించిన పిండిని ఆరిపోకుండా అదిమి మూత పెడతారు, ఎందుకంటే పొడిపిండి పాకంలో తడినంతా పీల్చేసుకుని అరిసెను గట్టిపరుస్తుంది. అప్పుడు పాకం. పళ్ళెంలో చన్నీళ్ళు పెట్టుకుని, ఉడుకుతున్న బెల్లం చుక్క అందులో వేసి వేళ్ళతో దగ్గరికి తీస్తారు. కరిగిపోతే ఇంకా లేతది. మెత్తటి ఉండ కడితే అదే అదను. థర్మామీటర్ పెడితే సుమారు 115 డిగ్రీల సెల్సియస్ చూపిస్తుంది గానీ, వేళ్ళు చెప్పేదే నమ్మకం. లేతపాకంలో కలిపితే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పళ్ళకి పని పెడుతుంది. అదను కుదిరిన మరుక్షణం ఒకరు పిండి పోస్తుంటే మరొకరు ఆపకుండా తిప్పాలి. అందుకే అరిసెలు ఒక్కరు వండుకునే వంట కాదు. పిన్నో, వదినో, పక్కింటి పెద్దమ్మో రావాల్సిందే. ఒత్తి, నూనెలో వేసి, ఎర్రగా తేలాక అరిసెల చెక్కల మధ్య అదిమి నూనె పిండేస్తారు. నువ్వులు అద్దడం ఇంటింటి ఇష్టం.

తెలంగాణ ఇళ్ళల్లో సంక్రాంతికి చుట్టే సకినాలకీ ఇదే తడి బియ్యప్పిండి కావాలి. పాకం ఉండదు, వాము, నువ్వులు పడతాయి, వేళ్ళతో వరసలు చుట్టడం వేరే విద్య.

వండటంలోనే కాదు, తినడంలోనూ వరస ఉంది. మన విందులో తీపి భోజనం అయ్యాక రాదు. బూరో బొబ్బట్టో పులిహోరతో పాటు మొదట్లోనే విస్తట్లో పడుతుంది. తర్వాత పప్పు, నెయ్యి, కూర, పులుసు, చారు. పెరుగన్నంతో ముగింపు. ఇలా తిన్నవాళ్ళకి తీపి అంటే విడిగా ఒక పదార్థం కాదు, భోజనంలో భాగం.

కొలతలు ఇప్పుడు ఫోన్లో ఎక్కడైనా దొరుకుతాయి. డాలస్‌లో ఉన్న అమ్మాయికి బెల్లం, బియ్యప్పిండి, అరిసెల చెక్కలు అన్నీ దొరుకుతాయి. దొరకనిది పాకం అదను చూసే పెద్ద చెయ్యి. వీడియోలో ఉండపాకం కనిపిస్తుంది గానీ వేళ్ళకి తగలదు. ఈ సంక్రాంతికి ఇంట్లో అరిసెలు వండుతుంటే కాసేపు పొయ్యి దగ్గర నిలబడండి. చన్నీళ్ళ పళ్ళెం మీరే పట్టుకుని, ఆ ఉండ మీ వేళ్ళతో మీరే కట్టి చూడండి. పక్కన పిల్లలుంటే, పాకం నీళ్ళలో చల్లారాక, వాళ్ళ వేళ్ళకీ తగలనివ్వండి.