రాణికి విగ్రహం పెట్టాం, బట్టనేం చేశాం?

మార్కో పోలో మన తీరం గురించి రాసింది కాస్తంతే. ఆయన ముత్ఫిలి అని పిలిచిన రేవు మన మోటుపల్లి, చీరాలకు దక్షిణంగా చినగంజాం దగ్గరుంది. భర్త పోయాక ఒక రాణి నలభై ఏళ్లుగా అక్కడ న్యాయంగా ఏలుతోందని రాశాడు. అది మన రుద్రమదేవి గురించే. చుట్టరికం మాత్రం తప్పాడు. ఆమెకు ముందు ఏలిన గణపతిదేవుడు ఆమెకు భర్త కాదు, తండ్రి. నిడదవోలు చాళుక్య వీరభద్రుడు భర్త. పైగా ఆయన ఇటు వచ్చేసరికి ఆమె లేదు కూడా. 1289లోనే పోయిందని చందుపట్ల శాసనం చెబుతోంది. ఆ లెక్కలు చరిత్రకారులు చూసుకున్నారు. నా ధ్యాసంతా ఆయన అక్కడే అన్న ఇంకో మాట మీద ఉంది. ఇక్కడి నేత సాలెగూడంత సన్నమట, రాజులూ రాణులూ ముచ్చటపడి కట్టుకునేంత గొప్పదట. రాణినీ బట్టనీ ఒకే ఊపులో మెచ్చుకున్నాడు. మనం రాణిని ఉంచుకున్నాం. ట్యాంక్‌బండ్ మీద విగ్రహం పెట్టాం, 2015లో సినిమా తీశాం. బట్టను వదిలేశాం.

అందరూ ఇలాగే చేశారా అంటే లేదు. రుద్రమ పోయిన సరిగ్గా నూరేళ్లకు, 1389లో, కొసొవో యుద్ధంలో సెర్బియా రాజు లాజర్ చనిపోయాడు. ఆయన భార్య మిలిత్సా ఇంకా చిన్నవాడైన కొడుకు స్తెఫాన్ పేరిట 1393 వరకు రాజ్యం నడిపింది. తర్వాత యెవ్‌గేనియా అన్న పేరుతో సన్యాసం పుచ్చుకుంది. అక్కడి చర్చి ఆమెను పుణ్యాత్మురాలిగా కొలుస్తుంది. ఆమె తోటి సన్యాసిని యెఫీమియా 1402లో లాజర్‌ను స్తుతిస్తూ ఎర్ర పట్టు మీద బంగారు పూత దారంతో అక్షరాలు కుట్టింది. కాగితం మీద కాదు, గుడ్డ మీద! రాణిని పూజిస్తూనే ఆ గుడ్డనూ ఆరువందల ఏళ్లుగా కళ్లకద్దుకుని దాచుకున్నారు వాళ్లు. ఇప్పటికీ అది బెల్‌గ్రేడ్ చర్చి మ్యూజియంలో ఉంది.

మోటుపల్లి నాటి సాలెగూడు బట్ట మళ్లీ రాదు. కానీ అదే తీరంలో తర్వాత పుట్టిన ఒక నేత కొన ఊపిరితోనైనా బతికే ఉంది. అదే తేలియా రుమాలు. నేను షార్జాలో ఉంటాను కాబట్టి ఇది నాకు రెండు విధాల సొంతం. చీరాలలో నేసిన ఈ రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు రేవులకు వచ్చేవి. ఇక్కడివాళ్లు తలకు చుట్టుకునేవారు. నూనె పట్టిన నూలు కాబట్టి ఇసుక అంటదనీ, తల చల్లగా ఉంటుందనీ వాళ్ల నమ్మకం. అటు బర్మాకూ పోయేవి. మన దగ్గర బెస్తలూ పశువుల కాపరులూ కట్టుకుంటే, నిజాం ఇంటి ఆడవాళ్లు ఓణీలుగా వేసుకునేవారట. ఒకే గుడ్డ కాపరి నడుముకూ బేగం భుజానికీ సరిపోయిందంటే ఆ సాలెవాడు ఎంతటివాడు!

పని ఎలా ఉంటుందో చెబుతాను. ఆముదపు కాయల తొక్కలు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, పైన తేరిన నీటిని వంచుకుంటారు. అందులో నూనె పోసి కలిపితే పాలలా తెల్లగా చిక్కబడుతుంది. నూలు చిలపలను అందులో ముంచి, పిసికి, ఎండలో ఆరేస్తారు. మర్నాడు మళ్లీ అదే పని. ఇలా రెండు మూడు వారాలు. మబ్బు పడితే ఆ రోజు లెక్కలోకి రాదు. నూలు నూనె తాగి తాగి మెత్తబడ్డాక పటికతో అలిజరిన్ ఎరుపు ఎక్కిస్తారు. ఇక ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ ఎరుపు దిగదు. నలుపుకు అన్నభేది. తెలుపుకు రంగేమీ లేదు, కట్టు కింద దాక్కున్న నూలే. ఈ మూడు రంగులతోనే లోకమంతా తిప్పారు మనవాళ్లు.

అసలు విద్య ఆ కట్టులో ఉంది. అర్ధచంద్రాకారంలో మేకులున్న ఆసు మీద పేక నూలును అటూ ఇటూ పోస్తారు. ఇంటి ఆడవాళ్ల భుజాలు అరిగేది అక్కడే. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేలసార్లు కదలాలంటారు. తల్లి పడే ఆ బాధ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం చేశాడు. పోసిన నూలు మీద గీతలు గీసుకుని, రంగు పట్టకూడని చోటల్లా సైకిల్ ట్యూబు పేలికలతో బిగించి కడతారు. మామూలు చిటికి పనిలో పడుగో పేకో ఒక్కటే కడితే సరిపోతుంది. తేలియాలో రెండూ కట్టాలి, రెండూ మగ్గం మీద ఒకే చుక్క దగ్గర కలవాలి. పోగు పోగుకూ ఆగి, వేళ్లతో సర్ది, అప్పుడు పన్నె కొడతాడు సాలెవాడు. ఎరుపు మీద ఎరుపు పడ్డచోట రంగు గాఢంగా ఉంటుంది. ఎరుపూ తెలుపూ కలిసినచోట పలచబడుతుంది. గీత అంచు ఈకలా కాస్త చెదురుతుంది. పడుగూ పేకా రెండూ కట్టి నేసేవాళ్లు లోకంలో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. పటాన్ పటోలావాళ్లు, బాలీలోని తెంగనాన్‌వాళ్లు, ఇంకా జపాన్‌లో కొందరు, మనవాళ్లు. తెంగనాన్‌లోనూ నూలుకు నూనె పట్టిస్తారు.

నేను చీరాల పక్షం, దాచుకోను. 2020లో భౌగోళిక గుర్తింపు తెలంగాణలోని పుట్టపాక తేలియాకు వచ్చినప్పుడు కాస్త చివుక్కుమంది. కానీ పుట్టపాకవాళ్ల పని చూశాక నోరెత్తలేం. పద్మశ్రీలు గజం గోవర్ధన, గజం అంజయ్య రుమాలు చదరంలో ఉన్న విద్యను చీర పొడవుకు సాగదీశారు. ఆరు గజాల మేర పడుగూ పేకా ఎక్కడా తప్పకుండా కలవాలంటే మాటలా? పాత చీరాల నేతగాళ్లూ తక్కువవాళ్లు కారు. విమానం వస్తే విమానం, గోడగడియారం వస్తే గోడగడియారం, కంటికి ఆనిందల్లా నూలు మీదికి దించేశారు.

ఇప్పుడు బర్ దుబాయ్ సూక్‌లోకి రండి. ఒక కొట్టువాడు నాకు ‘తేలియా’ అని చెప్పి చూపించింది పాలిస్టర్ మీద కొట్టిన అచ్చు. తిరగేస్తే వెనక వెలవెలబోతోంది. అసలుదానికి ముందూ వెనకా ఒకటే. అంచు బ్లేడుతో కోసినట్టు తిన్నగా ఉందంటే అది అచ్చే. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన రావాలి. ఇంకా బాధేమిటంటే, నూనె పట్టే మూడు వారాలూ ఎగ్గొట్టి, రసాయనపు రంగుల్లో ముంచి, చేనేత ముద్ర ఒకటుంది కదా అని తేలియా పేరుతో అమ్మేవాళ్లు మన దగ్గరే తయారయ్యారు. తైలం లేని తేలియా ఏమిటి? పరాయివాడి అచ్చు కన్నా ఈ ఇంటిదొంగతనమే నాకు ఎక్కువ మంట.

ఎమిరాతీలను చూసి సిగ్గుపడాలి. వాళ్ల ఆడవాళ్లు కుర్తీ చేతులకూ మెడకూ వెండి పోగులతో అల్లే ‘తల్లీ’ అనే పట్టీని కాపాడుకుని 2022లో యునెస్కో జాబితాకు ఎక్కించారు. ఉత్సవాల్లో ముసలమ్మలు మెత్త ముందు పెట్టుకుని కూర్చుని అల్లుతుంటే పిల్లలు చుట్టూ మూగుతారు. ఒకప్పుడు వీళ్ల రేవుల్లో మన రుమాలు దిగేదని ఇక్కడున్న మన తెలుగువాళ్లకే తెలీదు.

మన సభలు చూడండి. ఉగాదికో సంక్రాంతికో వేదికెక్కిన ప్రతివాడికీ ఒక శాలువా. మెరిసే జరీ అంచు, ఉతికితే పీలికలు. అతిథి హోటల్ గదిలోనే వదిలేసి పోతాడు. దయచేసి ఆ శాలువాలు మానండి. పదిమందికి బదులు ఇద్దరిని పిలవండి, ఆ ఇద్దరికీ అసలు తేలియా రుమాలు కప్పండి. నేసినవాడి పేరు మైకులో చదవండి. ఆర్డరు నేరుగా పుట్టపాకకే ఇవ్వండి, చీరాలలో ఇంకా నేసేవాళ్లు దొరికితే మరీ మంచిది. ఉగాదికి కావాలంటే సంక్రాంతికి ముందే చెప్పాలి, ఎందుకంటే నూనెకూ ఎండకూ తొందరపెట్టడం చేతకాదు. సగం డబ్బు ముందే పంపండి, నూలు కొనుక్కోవాలి వాళ్లు.