త్రిభుజముల భారము
క్యాడ్ నమూనాల దిగుమతిపై ఒక విమర్శ

కంప్యూటరు సహాయముతో యంత్రభాగములకు, వాహనములకు, భవనములకు రూపకల్పన చేయు విధానమును క్యాడ్ అందురు. ఒక కర్మాగారములో తయారైన నమూనా అక్కడనే ఉండిపోదు. ఒకచోట దానికి అచ్చు చేయువారు, వేరొకచోట దాని బలమును పరీక్షించువారు, ఇంకొకచోట దాని ప్రక్కన అమర్చవలసిన భాగమును చేయువారు ఉందురు. వారందరికిని నమూనా చేరవలెను. ఈ ప్రయాణములో అది ఏ రూపము ధరించి పోవుననునది చిన్న విషయముగా తోచును. కాని చేరినచోట పని సాగుటయు, ఆగుటయు దానిమీదనే ఆధారపడియున్నవి. వస్తువునకు చర్మము వంటి పైభాగమును తలమందురు. బయటనుండి వచ్చిన పెద్ద తలనమూనాను తెరవగానే కంప్యూటరు నిలిచిపోవుట క్యాడ్ పనివారికి పరిచితమైన అనుభవమే. ఇంతకంటె పెద్ద కంప్యూటరు కొనుడని చెప్పుట సులభము. ఆ సలహా ఎంతవరకు సరియైనదో పరిశీలింపవలసియున్నది.

రెండు మార్గములు

వంపుగల తలమును కంప్యూటరునకు తెలియజేయుటకు ముఖ్యముగా రెండు మార్గములు గలవు. మొదటిది సమీకరణముల మార్గము. కారు రేకులోని వంపులను గణితములో బంధించుటకు 1950వ దశాబ్ది చివరను, 1960వ దశాబ్దిలోను ఫ్రాన్సు దేశమున సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో, రెనో సంస్థలో పియెర్ బెజియే వేరువేరుగా కృషిచేసిరి. ఈ పద్ధతిలో ఘన సమీకరణములను వాడినచో, వంపు తిరిగిన ఒక తలఖండమును 16 నియంత్రణ బిందువులతో నిర్ణయింపవచ్చును. బిందువునకు మూడు చొప్పున మొత్తము 48 సంఖ్యలు చాలును. ఆ ఖండముపై ఏ స్థానమునైనను ఎంత సూక్ష్మముగానైనను ఈ సంఖ్యల నుండియే లెక్కగట్టవచ్చును.

రెండవది త్రిభుజముల మార్గము. గుండ్రని బావిని తిన్నని ఇటుకలతో కట్టినట్లు, వంపుతలమును చదునైన చిన్న త్రిభుజములతో కప్పుదురు. ఇటుక ఎంత చిన్నదైన గుండ్రదనము అంత చక్కగా వచ్చును. కాని ఇటుకల సంఖ్య పెరుగును. 100 మి.మీ. వ్యాసార్ధముగల వృత్తమును 36 సరళరేఖలతో గీసినచో, ప్రతి రేఖయొక్క మధ్యభాగము అసలు వృత్తమునకు సుమారు 0.38 మి.మీ. లోపల పడును. 360 రేఖలతో గీసినచో ఈ దోషము సుమారు 0.0038 మి.మీ.కు దిగును. రేఖలు పదిరెట్లు పెరుగగా దోషము నూరవవంతైనది. ఇది లాభమైన బేరమే. కాని గోళము వంటి తలమును రెండు దిక్కుల విభజింపవలెను గనుక త్రిభుజములు నూరురెట్లగును. అనగా దోషమును ఎన్నవవంతునకు తగ్గింపదలచినచో త్రిభుజములు దాదాపు అన్నిరెట్లు పెరుగును. నమూనాల భారమునకు మూలమిదియే.

ఎస్.టి.ఎల్. పద్ధతి గుణదోషములు

త్రిభుజముల ఫైళ్లలో మిక్కిలి ప్రచారము గలది ఎస్.టి.ఎల్. పద్ధతి. ద్రవరూపమున నున్న రెజినును కాంతిచే పొరలు పొరలుగా గట్టిపరచి వస్తువులను చేయు యంత్రముల కొరకు, అమెరికాలోని త్రీడి సిస్టమ్స్ సంస్థ ప్రోద్బలముతో 1987లో ఇది పుట్టినది. దీని గుణము సరళత. ద్విసంఖ్యామాన రూపములో మొదట 80 బైట్ల శీర్షిక, తరువాత త్రిభుజములెన్నో తెలుపుటకు 4 బైట్లు, ఆపైన త్రిభుజమునకు 50 బైట్ల చొప్పున వివరము. ఇంతకు మించి అందు ఏమియు లేదు. దీనిని చదువగల ప్రోగ్రామును వ్రాయుట కష్టము కాదు. ఇంతగా వ్యాపించుటకు ఆ సుగుణమే ముఖ్యకారణము.

దోషములును ఆ సరళతలోనే యున్నవి. మొదటిది పునరుక్తి. 10 లక్షల త్రిభుజములతో మూసివేసిన తలమున శీర్షములు సుమారు 5 లక్షలే. కాని ప్రతి త్రిభుజము తన మూడు శీర్షములను తానే మరల వ్రాసికొనును గనుక ఫైలులో 30 లక్షల శీర్షములు కనబడును. ఫైలు 5 కోట్ల బైట్లగును. శీర్షములను ఒక్కొకమారు మాత్రమే వ్రాసి, త్రిభుజములలో వాని వరుససంఖ్యలను చూపినచో 1 కోటి 80 లక్షల బైట్లు సరిపోవును.

రెండవ దోషము ఇంతకంటె గట్టిది. ఏ త్రిభుజము ప్రక్కన ఏ త్రిభుజమున్నదో ఫైలు చెప్పదు. చదువు ప్రోగ్రాము శీర్షములను సరిపోల్చి పొరుగువారిని తానే వెదకికొనవలెను. రెండు అంకెలు వెంట్రుకవాసి తేడాగా నున్నను అక్కడ సందు పడును. వస్తువునకు లోపలేదో, వెలుపలేదో తెలియకపోవును. మూడవది, కొలతకు ప్రమాణమేదో ఫైలులో నియతముగా ఉండదు. మిల్లీమీటర్లుగా వ్రాసినదానిని అంగుళములుగా చదివినచో వస్తువు 25.4 రెట్లు పెద్దదగును. నాల్గవది, ద్విసంఖ్యామాన రూపములో ప్రతి సంఖ్యకు 32 బిట్లే ఇచ్చుటచే సుమారు ఏడంకెల వరకే ఖచ్చితత్వము లభించును. చిన్న భాగములకు ఇది చాలును. కాని పటముపై 500 కిలోమీటర్ల దూరపు నిరూపకముతో నున్న భవనమును మిల్లీమీటర్లలో వ్రాసినచో, బిందువులు 32 మి.మీ. అంగలతోనే నిలువగలవు. తిన్నని గోడ మెట్లుమెట్లుగా కనబడుటకు ఇట్టి కారణము చాలును.

కొలిచినవి, రచించినవి

ఇంతమాత్రమున త్రిభుజమును నిందించుట న్యాయము కాదు. 1999లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన మార్క్ లెవోయ్ బృందము ఫ్లారెన్సు నగరములోని మైకెలాంజిలో శిల్పము, దావీదు విగ్రహమును లేజరు కిరణములతో కొలిచినది. ఆ కొలతలు సుమారు 200 కోట్ల బహుభుజులైనవి. శిల్పి ఉలి ఏ సమీకరణమును అనుసరించి నడువలేదు. అక్కడ కొలత తప్ప వేరు మూలము లేదు గనుక బహుభుజులే సత్యమునకు దగ్గరివి. ఇట్టి భారమును మోయుటకు తగిన ఉపాయమును కూడ ఆ విశ్వవిద్యాలయము వారే కనుగొనిరి. 2000లో రుసింకీవిచ్, లెవోయ్ ప్రకటించిన క్యూస్ప్లాట్ పద్ధతిలో, బిందువులను చిన్న గోళములుగను, వానిని పెద్ద గోళములుగను అంతరువులవారీగా కూర్చుదురు. దూరమునుండి చూచునపుడు పెద్ద గోళములను మాత్రమే గీసి, దగ్గరకు పోయినకొలది చిన్నవానిని తెరచి చూపుదురు.

యంత్రభాగము సంగతి వేరు. దాని రంధ్రము ఇంత వ్యాసము గల స్తూపమని రచయితకు ముందే తెలియును. త్రిభుజములుగా మార్చి పంపునపుడు ఆ తెలిసిన విషయమును చేజేతుల పారవేయుచున్నారు. అందుకొన్నవానికి చేరునది చదునైన పీలికల చుట్టు మాత్రమే. రంధ్రమునకు కేంద్రమెక్కడనో, వ్యాసమెంతో అతడు మరల ఊహింపవలెను. ఆపైన కొందరు ఈ త్రిభుజములన్నిటిని ఘనరూపముగా మార్చుమని ప్రోగ్రామును ఆజ్ఞాపింతురు. అప్పుడు ప్రతి త్రిభుజము ఒక స్వతంత్ర ముఖమగును. 10 లక్షల ముఖములు, 15 లక్షల అంచులు, 5 లక్షల శీర్షములు, వాని పరస్పర సంబంధములు అన్నియు స్మృతిలో నిలువవలెను. కొన్ని వందలో, వేలో ముఖములను మనసులో నుంచుకొని నిర్మించిన ప్రోగ్రాము అక్కడ కుంగిపోవుట వింత కాదు. యంత్రమును నిందించుటకంటె ఆజ్ఞను పరీక్షించుట మేలు.

పరిష్కారముల విలువ

త్రిభుజములను తగ్గించుట ఒక పరిష్కారము. 1997లో మైకేల్ గార్లండ్, పాల్ హెక్‌బర్ట్ ప్రకటించిన పద్ధతి ఇందులో ప్రసిద్ధము. ఒక అంచును ముడిచి దాని రెండు కొనలను ఒక్క బిందువుగా చేసినచో, ఆ బిందువు చుట్టునున్న సమతలములనుండి ఎంత తొలగునో ఆ దూరముల వర్గములను కూడి, తక్కువ నష్టము గల అంచులను ముందుగా ముడుచుదురు. చదునైనచోట త్రిభుజములు త్వరగా తగ్గును, కోణములున్నచోట నిలుచును. చిత్రము చూపుటకు, స్థలము సరిపోవునో లేదో చూచుటకు ఇది ఉత్తమము. కాని బేరింగు కూర్చుండు రంధ్రమునకును, అలంకారపు గాడికిని గల భేదము ఈ లెక్కకు తెలియదు. తగ్గించిన నమూనాను నమ్మి కొలతలు తీయుట ప్రమాదకరము.

నమూనాను ఘనరూపముగా మార్చక, ఆధారచిత్రముగా వెనుక నుంచుకొని, అవసరమైన ముఖములను మాత్రమే దానిపై క్రొత్తగా రచించుట రెండవ మార్గము. ఇది శ్రమతో కూడినదైనను నిజాయితీ గలది. తనకు తెలిసినదేదో, ఊహించినదేదో పనివానికి స్పష్టముగా నుండును.

మూడవది సమీకరణములనే పంపుట. 1980లో అమెరికాలో వెలువడిన ఐజెస్ పద్ధతియు, 1994లో అంతర్జాతీయ ప్రమాణముగా వెలువడనారంభించిన స్టెప్ పద్ధతియు ఇందుకే ఏర్పడినవి. ఇవియు నిర్దోషములు కావు. రెండు వక్రతలములు కలియు రేఖను సాధారణముగా ఉజ్జాయింపుగనే వ్రాయవలసియుండును. ఒక ప్రోగ్రాము 0.01 మి.మీ. ఎడమును మూసినట్లు ఎంచగా, 0.001 మి.మీ. వరకు పట్టిచూచు మరియొక ప్రోగ్రాము అదే చోట సందున్నదని ఘనరూపమును నిరాకరించును. తలఖండములను అంచులవెంబడి మరల కుట్టవలసి వచ్చును. అయినను ఇక్కడ పోయినది కుట్టు మాత్రమే, గుడ్డ నిలిచియున్నది. త్రిభుజములలో గుడ్డయే దారపుపోగులైనది.

నష్టమెవరిది?

ఇది సౌకర్యమునకు సంబంధించిన వాదము మాత్రమే కాదు. అమెరికా మోటారుకారు పరిశ్రమలో ఇట్టి నమూనాల మార్పిడిలోని చిక్కులవలన ఏటా కనీసము 100 కోట్ల డాలర్ల నష్టము కలుగుచున్నదని, ఆ దేశపు ప్రమాణముల సంస్థ కొరకు జరిగిన పరిశోధన 1999లో అంచనా వేసినది. అందులో అధికభాగము, అందినను పనికిరాని ఫైళ్లను సరిదిద్దుటకును, మరల రచించుటకును అయిన వ్యయమే. పంపువానికి త్రిభుజములుగా మార్చుట ఒక్క మీట నొక్కుటతో తీరును. తిరిగి తలములుగా మార్చుటకు అందుకొన్నవాడు రోజులు వెచ్చింపవలెను. సాధారణముగా పంపునది పెద్ద సంస్థ, అందుకొనునది చిన్న కార్ఖానా. చిన్నవానిని పెద్ద కంప్యూటరు కొనుమనుట ఆ వ్యయమును కూడ వానిపైననే మోపుటయగును.

త్రిభుజములే చాలునన్నచోట కూడ మెరుగైన మార్గములు వచ్చియున్నవి. 2011లో ప్రమాణముగా వెలువడిన ఏ.ఎం.ఎఫ్., 2015లో వెలువడిన త్రీ.ఎం.ఎఫ్. పద్ధతులు కొలత ప్రమాణమును తెలుపును, శీర్షములను పంచుకొనును. కావున కొలిచి తెచ్చిన రూపమును త్రిభుజములుగను, రచించిన రూపమును సమీకరణములుగను పంపుట యుక్తము. ఫైలుతోపాటు కొలత ప్రమాణమును, అనుమతించిన దోషమును వ్రాసి తెలుపుట పంపువాని విధి. ఏ పనికి ఏ రూపము కావలెనో ముందుగనే అడిగి తెలిసికొనుట అందుకొనువాని విధి. ఈ రెండును ఒప్పందపత్రములోనే చేరినపుడు కంప్యూటరుపై పడు భారములో చాలవరకు అసలు పుట్టనే పుట్టదు.