డిస్కుకో డోర్ నంబరు

సర్వర్‌లో ఇరవై నాలుగు డిస్కులు, అన్నీ ఒకే పోలిక. చెడిపోయింది ఏది? పొరపాటున పక్కదాన్ని లాగితే కొంప మునిగినట్టే.

లినక్స్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లను నమ్ముకోలేం. డిస్కులు కంటబడిన వరసలో పెట్టిన పేర్లవి. రీబూట్ అయితే తారుమారు కావచ్చు. అందుకే యూడెవ్ అనే ప్రోగ్రాం ‘బై-పాత్’ ఫోల్డరులో ఇంకో పేరు రాసిపెడుతుంది: ఏ పీసీఐ స్లాట్‌లోని కంట్రోలర్, దానికున్న ఏ పోర్టు అని. అద్దెకున్నవాళ్లు మారినా డోర్ నంబరు మారదు కదా! కొత్త డిస్కు పెట్టినా అదే పేరు.

సొలారిస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పేర్లు పెట్టే తీరు మరీ ముచ్చట. ‘సీ0టీ3డీ0’ అంటే 0వ కంట్రోలర్, 3వ టార్గెట్, 0వ డిస్కు.

అయినా అనుభవమున్న అడ్మిన్ తొందరపడడు. కమాండిచ్చి చెడిపోయిన డిస్కున్న అరకుండే దీపం వెలిగించి, సీరియల్ నంబరు సరిచూసుకుని, అప్పుడు లాగుతాడు.