పక్క పళ్ల మీద భారం

పోయింది ఒక్క పన్నే కదా అని ఊరుకుంటాం. దవడ ఊరుకోదు. పక్క పళ్లు ఖాళీ వైపు మెల్లగా ఒరుగుతాయి. ఎదురు దవడలోని పన్ను, ఆనుకునే జత లేక, ఆ సందులోకి జరుగుతుంది. నమలడం రెండో పక్కకే అలవాటవుతుంది. అందుకే పన్ను తీయించుకున్నాక, గాయం మానేలోగా ఆ చోట ఏం పెట్టాలో తేల్చుకోవడం మంచిది.

నా కింది దవడలో పన్ను పోయినప్పుడు బ్రిడ్జి కట్టించుకున్నాను. డాక్టరు గారు ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను చుట్టూ అరగదీసి, అచ్చు తీసి ల్యాబుకు పంపారు. రెండు చివరలా క్యాపులు, నడుమ కట్టుడు పన్ను, మూడూ ఒకే ముక్కగా వచ్చాయి. అతికించే ముందు రంగు కాగితం పెట్టి కొరికించారు. రంగు గట్టిగా అంటిన చోటల్లా కొద్దికొద్దిగా తగ్గించారు. వెంట్రుకవాసి ఎత్తున్నా నోరు పసిగడుతుంది మరి. పింగాణీని పొరలుపొరలుగా పేర్చి, పక్క పంటి ఛాయ వచ్చేలా కాల్చిన ల్యాబు పనివారు నన్ను ఎన్నడూ చూడలేదు. వారి పనితనం మాత్రం అన్నం తిన్న ప్రతిసారీ నాకు తెలుస్తోంది.

కట్టుడు పంటికి వేరుండదు. నమిలేటప్పుడు దానిమీద పడే బరువంతా మోసేది పక్క పళ్లే. క్రీస్తుపూర్వం 7వ శతాబ్దం నాటికే ఇటలీలో ఎట్రుస్కన్లు బంగారు పట్టీలతో పెట్టుడు పళ్లను సొంత పళ్లకు బిగించేవారు. ఆధారం అప్పుడూ పక్క పళ్లే, ఇప్పుడూ అవే. కాకపోతే ఇప్పుడు వాటిని అరగదీస్తున్నాం. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. నా పక్క పళ్లకు అప్పటికే పెద్ద ఫిల్లింగులున్నాయి, ఎలాగూ క్యాపులు వేయాల్సినవే. కాబట్టి నాకు బ్రిడ్జి సబబు. ఆ రెండూ నిక్షేపంగా ఉంటే మాత్రం ముందు దవడ ఎముకలో నాటే ఇంప్లాంటు సంగతి అడగాలి. ముందు పళ్లకైతే, 1980ల్లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న మరో రకం బ్రిడ్జి ఉంది. పళ్ల వెనక వైపు రెక్కలతో అతికిస్తారు, అరగదీత చాలా తక్కువ.

క్యాపు వేశాక పన్ను పుచ్చదన్నది మనలో చాలామంది నమ్మకం. కానీ క్యాపు అంచుకూ పంటికీ మధ్య పాచి చేరితే లోపల పుచ్చు మొదలవుతుంది. ఆధారం పుచ్చితే పైనున్న పింగాణీ ఎంత గట్టిదైనా దండగే. మామూలు బ్రష్షు కట్టుడు పంటి కిందికి చేరదు. మొన గట్టిగా ఉండే ఫ్లాసునో, సందుల్లో దూరే సన్న బ్రష్షునో రోజూ రాత్రి అక్కడ ఆడించాలి. ఇలా చూసుకుంటే బ్రిడ్జి 10–15 ఏళ్లు, కొందరికి ఇంకా ఎక్కువే నిలుస్తుంది.

బ్రిడ్జి ఖరీదు, రకం, గ్యారంటీ గురించి క్లినిక్కుల్లో చాలాసేపు చెబుతారు. ఫ్లాసు ఎలా దూర్చాలో అద్దం పట్టుకుని చూపించేవారు తక్కువ. ఆ అయిదు నిమిషాలూ వైద్యంలో భాగమే. డాక్టర్లు చూపించాలి, మనం అడిగి మరీ నేర్చుకోవాలి.